సర్వరు ప్రకటించు పోర్టు సంఖ్య

ఒక కంప్యూటరు ప్రోగ్రామును వ్రాయుట ఒక పని. అది సరిగా పనిచేయుచున్నదని తేల్చుకొనుట మరియొక పని. రెండవది సులభమని చాలమంది తలంతురు. కాని పరీక్షించు పద్ధతిలోనే లోపమున్నచో మంచి ప్రోగ్రాము చెడ్డదిగాను, చెడ్డ ప్రోగ్రాము మంచిదిగాను కనిపించును. అట్టి పరీక్షలలో తరచుగా ఎదురగు ఒక చిన్న పనిని ఈ వ్యాసములో పరిశీలింతము. ఒక సర్వరు ఏ పోర్టు సంఖ్యపై పనిచేయుచున్నదో, అది వ్రాసిన చిట్టానుండి చదివి తెలిసికొనుటయే ఆ పని. చదువవలసినది సాధారణముగా ఐదంకెల సంఖ్య ఒక్కటే. అయినను దానిని తప్పుగా చదివినచో పరీక్ష చెప్పు తీర్పు అంతయు తప్పగును.

వానలెక్కల సర్వరు

మన ప్రాంతమునకు దగ్గరైన ఉదాహరణమునే తీసికొందము. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ప్రధానముగా పూర్వపు వరంగల్లు జిల్లానుండి ఏర్పడినవి. 2023 జూలై చివర ఈ ప్రాంతమున కుంభవృష్టి కురిసెను. ఒక్క దినములో భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్లు, పొరుగున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు వాన పడినట్లు స్వయంచాలక వాతావరణ కేంద్రములు నమోదు చేసినవి. మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామము నీట మునిగెను. జనమును కాపాడుటకు హెలికాప్టర్లు రావలసివచ్చెను. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాదు జిల్లా కేసముద్రము వద్ద పట్టాల క్రింది కట్ట వరదకు కొట్టుకొనిపోయి, కాజీపేట–విజయవాడ మార్గమున రైళ్ళు నిలిచిపోయినవి. వానలెక్క సకాలములో, సరిగా చేరుట ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ మూడు జిల్లాలలోని మూడు ఉన్నత పాఠశాలల విద్యార్థులు కలిసి ఒక వానలెక్కల సర్వరును తయారుచేయుచున్నారని అనుకొందము. సర్వరు అనగా అడిగినవారికి సమాధానమిచ్చుటకు ఎల్లప్పుడు సిద్ధముగా కూర్చుండు ప్రోగ్రాము. ప్రతి పాఠశాలవారు తమ వర్షమాపకము చూపు కొలతను ఉదయముననే దానికి పంపుదురు. భారత వాతావరణ శాఖవారి లెక్కలో ఒక దినమున 64.5 మిల్లీమీటర్లు, ఆపైన పడినది భారీ వర్షము. కొలత ఆ హద్దును అందుకొన్న వెంటనే సర్వరు హెచ్చరిక పంపవలెను.

ఈ ప్రోగ్రాములో కొలతను అందుకొను భాగము, దాచు భాగము, హద్దుతో పోల్చు భాగము వేర్వేరుగా నుండును. బోరుబావి మోటారు, స్టార్టరు, పైపులు విడివిడిగా బాగున్నంత మాత్రమున పొలమునకు నీరు పారునని చెప్పజాలము; అన్నింటిని కలిపి మీట నొక్కి చూడవలెను. అట్లే ప్రోగ్రాము భాగములన్నింటిని కలిపి, సర్వరును నిజముగా నడిపించి, దానికి నిజముగా సందేశము పంపి చూచు పరీక్షను ఇంటిగ్రేషన్ టెస్టు అందురు. మనము దీనిని కూర్పు పరీక్ష అందము. ఈ పరీక్షను చేయునది మనిషి కాదు. అదియు ఒక ప్రోగ్రామే. అది సర్వరును ఆరంభించి, 70 మిల్లీమీటర్ల కొలతను పంపి, హెచ్చరిక వచ్చినదా లేదా అని చూచి, పిమ్మట సర్వరును ఆపివేయును.

సందేశము పంపుటకు మాత్రము సర్వరు ఎక్కడ నున్నదో తెలియవలెను. ఇక్కడనే పోర్టు సంఖ్య వచ్చుచున్నది.

పోర్టు అనగానేమి?

నెట్‌వర్కులో ప్రతి కంప్యూటరుకు ఒక చిరునామా ఉండును. కాని ఒకే కంప్యూటరులో ఒకే సమయమున అనేక ప్రోగ్రాములు పనిచేయుచుండును. వచ్చిన సందేశము వానిలో ఎవరికి చెందినది? చిరునామా మనలను ఇంటివరకే చేర్చును. ఏ గదికి పోవలెనో చెప్పుటకు మరొక సంఖ్య కావలెను. అదియే పోర్టు సంఖ్య. పోర్టు అనగానే మనకు విశాఖపట్టణపు ఓడరేవు జ్ఞప్తికి వచ్చును. ఇచ్చట ద్వారము అను అర్థమును గ్రహించుట మేలు.

వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1974లో ప్రచురించిన వ్యాసము నేటి ఇంటర్నెట్టునకు పునాది వేసినది. దానినుండి పెరిగిన టీసీపీ అను సందేశ నియమావళి 1981లో ప్రమాణముగా వెలువడినది. దాని ప్రకారము పోర్టు సంఖ్యకు 16 ద్వ్యంశ స్థానములు కేటాయింపబడినవి. రెండును పదునారుసార్లు గుణించిన 65,536 వచ్చును గదా! కావున పోర్టు సంఖ్యలు 0 నుండి 65,535 వరకు ఉండును. వానిలో సున్నకు ఒక ప్రత్యేకత కలదు. దానిని ముందు చెప్పుకొందము.

స్థిర సంఖ్యలు, తాత్కాలిక సంఖ్యలు

మన బస్ స్టాండులలో సాధారణముగా ఏ ఊరి బస్సు ఏ ప్లాట్‌ఫారమున ఆగునో పైన వ్రాసియుండును. భూపాలపల్లినుండి హనుమకొండ పోదలచినవాడు ఆ పేరు చూచి నిలబడిన చాలును. రైల్వే స్టేషనులో సంగతి వేరు. మహబూబాబాదులో గాని, జనగామలో గాని రైలు ఎప్పుడును వచ్చు ప్లాట్‌ఫారమునకే వచ్చునని నమ్మి కూర్చుండుట క్షేమము కాదు. మార్గము ఖాళీని బట్టి స్టేషనువారు సంఖ్యను నిర్ణయించి మైకులో ప్రకటింతురు. ప్రయాణికుడు చెవియొగ్గి వినవలెను.

పోర్టులలోను ఈ రెండు రీతులు కలవు. వెబ్ పుటలకు 80, రహస్యలిపిలో నడచు వెబ్ పుటలకు 443, సర్వరులు తమలో ఉత్తరములను అందించుకొనుటకు 25, ఇట్లు కొన్ని సంఖ్యలు లోకమంతటికి స్థిరము. ఇట్టి పట్టిక ఒకటి ఉండవలెనని 1972లో జాన్ పోస్టెల్ ప్రతిపాదించెను. ఫిన్‌లాండు దేశస్థుడైన టాటు యిలోనెన్ దూరపు కంప్యూటరును రహస్యముగా నడుపుటకు ఎస్సెస్‌హెచ్ అను పద్ధతిని కనిపెట్టి 1995లో ఒక సంఖ్య కోరగా, 21కిని 23కిని మధ్య ఖాళీగా నున్న 22 ఆయనకు లభించెను. నేటికిని అదే వాడుకలో నున్నది.

మిగిలినవానిలో పై భాగము తాత్కాలిక అవసరములకు విడిచిపెట్టబడినది. అంతర్జాతీయ పట్టికలో ఇది 49,152 నుండి 65,535 వరకు ఉన్నది. లినక్సు అను ఆపరేటింగ్ సిస్టము మామూలుగా 32,768 నుండి 60,999 వరకు గల సంఖ్యలనుండి పంచును. అవసరము తీరిన పిమ్మట సంఖ్య మరల ఖాళీయగును.

స్థిర సంఖ్యతో వచ్చు చిక్కు

మన విద్యార్థులు మొదట తమ సర్వరునకు 8000 అను సంఖ్యను నిర్ణయించిరనుకొందము. పరీక్ష కూడ 8000కే సందేశము పంపును. ఒక్కరే పనిచేయునంతవరకు బాధ లేదు. కాని మూడు పాఠశాలలవారు తమ మార్పులను ఒకే కేంద్ర కంప్యూటరునకు పంపి అక్కడ పరీక్షలు జరిపించిన దినమున ఏమగును?

జనగామవారి పరీక్ష ముందుగా మొదలై 8000ను ఆక్రమించుకొనును. భూపాలపల్లివారి సర్వరు లేచి అదే సంఖ్యను అడుగును. ఒక సంఖ్యపై ఒక్క సర్వరే కూర్చుండవలెను గనుక ఆపరేటింగ్ సిస్టము "ఈ చిరునామా ఇదివరకే వాడుకలో నున్నది" అని తిరస్కరించును, సర్వరు ఆగిపోవును. ఇంతవరకు నష్టము స్వల్పమే, తప్పు కంటికి కనిపించును. అసలు ప్రమాదము ఆ తరువాత నున్నది. తన సర్వరు ఆగిపోయిన సంగతి గమనింపని పరీక్ష, తన 70 మిల్లీమీటర్ల కొలతను 8000కు పంపును. అక్కడ జనగామవారి సర్వరు సిద్ధముగా నున్నది. అది సక్రమముగా హెచ్చరిక పంపును. భూపాలపల్లివారి పరీక్ష "నెగ్గినది" అని తీర్పు చెప్పును.

భూపాలపల్లి విద్యార్థి ఒకడు హద్దును వ్రాయుటలో చుక్కను మరచి 64.5కు బదులు 645 అని వ్రాసెననుకొందము. ఆ ప్రోగ్రాము 616.5 మిల్లీమీటర్ల వానకు కూడ హెచ్చరిక పంపదు. ఆ తప్పును పట్టుటకే పరీక్ష ఉన్నది; కాని పరీక్ష పొరుగువాని సర్వరును చూచి వచ్చినది. ఓడిన పరీక్షకన్న తప్పుగా నెగ్గిన పరీక్ష ఎక్కువ హానికరమని దీనివలన తేలుచున్నది.

దస్తీ వేయని సీటు

"అయినచో పరీక్షయే ముందుగా ఒక ఖాళీ సంఖ్యను వెదకి, దానిని సర్వరునకు చెప్పరాదా?" అని చురుకైన విద్యార్థి అడుగవచ్చును. చాలమంది అట్లే చేయుదురు. పరీక్ష ఒక ఖాళీ సంఖ్యను పట్టి చూచి, విడిచిపెట్టి, పిమ్మట సర్వరును ఆ సంఖ్యపై లేపును. కాని విడిచిపెట్టుటకును సర్వరు పట్టుకొనుటకును నడుమ కొంత కాలము గడచును.

బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోనుండి దస్తీ వేసి సీటు ఆపుకొనుట మన ప్రాంతమున అందరెరిగినదే. ఒకడు లోపలికి పోయి సీటు ఖాళీగా నున్నదని చూచి, దస్తీ వేయకయే దిగి, తండ్రిని పిలుచుకొని వచ్చెననుకొనుడు. వచ్చుసరికి మరొకరు కూర్చుండియుందురు. ఖాళీ సంఖ్యను చూచి విడిచిపెట్టిన పరీక్ష గతియు ఇంతే. ఇది దినమునకు ఒకసారి జరుగవచ్చును, నెలకు ఒకసారి జరుగవచ్చును. అందుచేతనే దీనిని పట్టుట కష్టము. కారణము తెలియక ఒకప్పుడు నెగ్గి ఒకప్పుడు ఓడు పరీక్షను కొలది కాలములోనే ఎవరును నమ్మరు. "మరల ఒకసారి నడుపుము, అదే నెగ్గును" అందురు. ఆ అలవాటు ఏర్పడిన చోట నిజమైన తప్పు కూడ అదే మాటతో దాటిపోవును.

సున్న అడిగినచో

సరియైన మార్గము ఆపరేటింగ్ సిస్టములోనే ఉన్నది. సర్వరు సంఖ్యను కోరునపుడు 0 అని అడిగినచో "నాకు ఏ సంఖ్య అయినను సరే, ఖాళీగా నున్నది ఒకటి ఇమ్ము" అని అర్థము. ఆపరేటింగ్ సిస్టము ఒక ఖాళీ సంఖ్యను ఎన్నుకొని అదే క్షణమున సర్వరునకు కట్టబెట్టును. చూచుటయు దస్తీ వేయుటయు ఒకే క్రియలో జరిగినవి గనుక మరొకరు దూరుటకు సందు లేదు.

ఇపుడు ఒక సమస్య తీరి మరొకటి వచ్చినది. వచ్చిన సంఖ్య ఏదియో సర్వరునకు తెలియును, పరీక్షకు తెలియదు. రైలుకు ప్లాట్‌ఫారము కేటాయింపబడినది. ప్రయాణికునికి ఇంకను చెప్పలేదు. సర్వరు తన సంఖ్యను ప్రకటింపవలెను. సర్వరులు తాము చేయు పనులను వరుసగా ఒక చిట్టాలో వ్రాయుట వాడుక; దీనిని లాగ్ అందురు. పూర్వము నావికులు త్రాటికి కట్టిన మొద్దును నీటిలో వేసి ఓడ వేగమును కొలిచి పుస్తకమున వ్రాసెడివారు. ఆ మొద్దుకు గల ఇంగ్లీషు పేరే పుస్తకమునకు, దానినుండి కంప్యూటరు చిట్టాకు వచ్చినది.

చిట్టాలో సంఖ్యను పట్టుట

మన సర్వరు చిట్టాలో మూడు పంక్తులను చూతము:

06:15:42 [2718] పాత కొలతలు చదివితిని: 365
06:15:42 [2718] అత్యధికము: చిట్యాల 616.5
06:15:43 [2718] వినుచున్నాను: 127.0.0.1 పోర్టు 43127

మనకు కావలసినది 43127. కాని ఈ మూడు పంక్తులలో సంఖ్యలు ఎన్ని యున్నవో చూడుడు! వేళను తెలుపు సంఖ్యలు, ప్రోగ్రామునకు యంత్రము ఇచ్చిన క్రమసంఖ్య 2718, కొలతల లెక్క 365, వాన కొలత 616.5, కంప్యూటరు తన్ను తాను పిలుచుకొను చిరునామా 127.0.0.1, ఇవి అన్నియు పరీక్షను మోసపుచ్చుటకు సిద్ధముగా నున్నవి. "మొదట కనిపించిన సంఖ్య" అను నియమము పెట్టినచో 06 వచ్చును. "చివరి సంఖ్య" అను నియమము కొంత మెరుగు. కాని కొన్ని ప్రోగ్రాములు తెరపై అక్షరములకు రంగులు వేయుటకు కంటికి కనిపించని గుర్తులను చిట్టాలో చేర్చును. ఆకుపచ్చ రంగునకు 32, రంగును తీసివేయుటకు 0 అని ఆ గుర్తులలో సంఖ్యలుండును. అపుడు పంక్తిలో చివరి సంఖ్య 0 అగును. చూచువానికి తెరపై ఆ సున్న కనిపించదు. పరీక్షకు మాత్రము కనిపించును.

కావున సంఖ్యను దాని స్థానమును బట్టి గాక, దాని పరిసరములను బట్టి గుర్తింపవలెను. "వినుచున్నాను" అను మాట గల పంక్తిలో, "పోర్టు" అను మాట తరువాత, ఒక ఖాళీ తరువాత వచ్చు అంకెల వరుస, దానివెంటనే పంక్తి ముగింపు: ఇట్టి నమూనాను కంప్యూటరుకు ఇచ్చినచో అది తదనుగుణమైన పంక్తినే పట్టును. ఇట్లు నమూనాలను వ్రాయు సంకేతభాషను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అందురు. దీని మూలము గణితములో నున్నది. మెదడులోని నాడీకణముల అల్లికకు 1943లో మెక్‌కలక్, పిట్స్ అనువారు ఒక గణితరూపమును కల్పించిరి. అట్టి అల్లిక ఏయే సంకేత వరుసలను గుర్తింపగలదో స్టీఫెన్ క్లీనీ 1956లో ప్రచురించిన వ్యాసములో వివరించెను. 1968లో కెన్ థాంప్సన్ దానిని గ్రంథభాగములలో మాటలను వెదకు ప్రోగ్రామునకు అన్వయించెను. నాడీకణముల గణితము నేడు చిట్టాలో పోర్టు సంఖ్యను వెదకుచున్నది!

అంకెలు అనుటలో కూడ జాగ్రత్త కావలెను. యూనికోడు అను అక్షర పట్టికలో 1991 నుండి తెలుగు లిపి ఉన్నది. మన తెలుగు అంకెలు కూడ అందులో నున్నవి. ౪౩౧౨౭ అని వ్రాసినను పైథాన్ అను ప్రోగ్రాము భాష దానిని అంకెలుగానే గుర్తించి 43127 అని లెక్కించును. జావాస్క్రిప్టు అను భాషలో అంకెను తెలుపు గుర్తు 0 నుండి 9 వరకు గల అంకెలనే పట్టును. తెలుగు అంకెలను విడిచిపెట్టును. ఒకే నమూనా రెండు భాషలలో రెండు విధములుగా ప్రవర్తించుచున్నదన్నమాట. కొన్ని సాధనములు సంఖ్యను అందముగా చూపుటకై 43,127 అని నడుమ కామా చేర్చును. అపుడు అంకెల వరుస 43 వద్దనే తెగిపోవును. కావున సర్వరు తన సంఖ్యను కామా లేక, రంగు లేక, ఎల్లపుడు ఒకే మాటలతో ప్రకటింపవలెను. పరీక్ష ఆ సంఖ్య 1కిని 65,535కిని మధ్య నున్నదా యని సరిచూడవలెను. ఈ ప్రకటన పంక్తి ఇరువురి మధ్య ఒడంబడిక. "వినుచున్నాను" అను మాట బాగుగా లేదని ఎవరో దానిని మార్చిన దినమున పరీక్షలన్నియు ఆగిపోవును. అందుచేత ఆ పంక్తి ప్రక్కనే "ఈ మాటలను పరీక్ష చదువును, మార్చవలదు" అని ప్రోగ్రాములో వ్రాసియుంచుట మంచిది.

సగము వినుట, అసలే వినబడకపోవుట

చిట్టాలోని మాటలు సర్వరునుండి పరీక్షకు పైపు అను గొట్టము ద్వారా చేరును. గొట్టములో నీరు వచ్చినట్లే ఇవియు ముక్కలు ముక్కలుగా రావచ్చును. మొదటి ముక్క "పోర్టు 431" వద్ద ముగిసి, మిగిలిన "27" రెండవ ముక్కలో రావచ్చును. తొందరపడిన పరీక్ష 431 అను సంఖ్యకు సందేశము పంపును. పంక్తి పూర్తియైనట్లు తెలుపు గుర్తు వచ్చువరకు ఆగి, ఆ తరువాతనే చదువుట దీనికి విరుగుడు.

మరొక చిక్కు ఇంతకన్న విచిత్రమైనది. సర్వరును మనిషి తెరముందు నడిపినపుడు ప్రకటన వెంటనే కనిపించును. అదే సర్వరును పరీక్ష నడిపినపుడు ఎంతసేపటికిని ప్రకటన రాదు. కారణమేమనగా, చాల భాషలలో ప్రోగ్రాము వ్రాసిన మాటలు తెరకు పోవునపుడు పంక్తికొక్కసారి పంపబడును. గొట్టములోనికి పోవునపుడు కొన్ని వేల అక్షరములు పోగైన తరువాతనే పంపబడును. కల్లములో ఒక్కొక్క గింజను ఇంటికి మోయక, బస్తా నిండిన పిమ్మట మోయుట వంటిది ఈ ఏర్పాటు. శ్రమ తగ్గించుటకే పెట్టినారు. కాని ప్రకటన పంక్తి బస్తా అడుగున పడియుండును. పరీక్ష సందేశము పంపినగాని సర్వరు మరేమియు వ్రాయదు. ప్రకటన చేరినగాని పరీక్ష సందేశము పంపదు. ఇద్దరును ఒకరికొరకు ఒకరు ఎదురుచూచుచు నిలిచిపోదురు. ప్రకటన వ్రాసిన వెంటనే బస్తాను నిండకపోయినను పంపివేయుమని సర్వరును ఆజ్ఞాపించుటయే ఉపాయము.

సంఖ్య దొరికిన పిమ్మట పరీక్ష చిట్టాను చదువుట మానరాదు. లినక్సులో ఈ గొట్టము మామూలుగా 65,536 బైట్లను పట్టును. ఇది పోర్టు సంఖ్యల మొత్తముతో సమానమగుట యాదృచ్ఛికమే. రెండును రెండు యొక్క పదునారవ ఘాతములు. అవతల తీసికొనువారు లేక గొట్టము నిండినచో సర్వరు తరువాతి పంక్తిని వ్రాయలేక అక్కడనే ఆగిపోవును.

ప్రకటన ఎప్పుడు చేయవలెననునదియు ముఖ్యమే. సర్వరు మొదట సంఖ్యను పట్టుకొని, పిమ్మట వినుటకు సిద్ధపడి, ఆపరేటింగ్ సిస్టమును అడిగి తన సంఖ్యను తెలిసికొని, అటుపిమ్మట మాత్రమే ప్రకటింపవలెను. ముందే ప్రకటించినచో పరుగున వచ్చిన సందేశమునకు తలుపు మూసియుండును. పరీక్షయు ఎల్లకాలము ఎదురుచూడరాదు. ముప్పది సెకనుల వంటి గడువు పెట్టుకొని, గడువు మించినను, సర్వరు నడుమ ఆగిపోయినను, అంతవరకు వచ్చిన చిట్టాను చూపుచు "సర్వరు లేవలేదు" అని స్పష్టముగా చెప్పవలెను.

ఎవరి సర్వరు?

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను ఒక చివరి సరిచూపు మంచిది. పరీక్ష సర్వరును లేపునపుడే దానికొక గుర్తుమాటను ఇచ్చి, మొదటి సందేశములో ఆ మాటను అడుగవలెను. సమాధానముగా అదే మాట వచ్చినచో తాను లేపిన సర్వరుతోనే మాటలాడుచున్నట్లు రూఢియగును. అపుడు భూపాలపల్లివారి పరీక్ష జనగామవారి సర్వరును చూచి మోసపోవు ప్రసక్తి లేదు.

పెద్ద సంస్థల ప్రోగ్రాములలోను ఈ పద్ధతియే వాడుకలో నున్నది. గూగుల్ వారి క్రోమ్ బ్రౌజరును మరొక ప్రోగ్రాము చేత నడిపించి పరీక్షించుటకు ఒక పోర్టు కావలెను. దానిని 0 అని కోరినచో క్రోమ్ ఒక సంఖ్యను పొంది, "డెవ్‌టూల్స్ లిజనింగ్ ఆన్" అను మాటలతో మొదలగు ఒక పంక్తిలో తన పూర్తి చిరునామాను ప్రకటించును. 2017లో వెలువడిన పపెటీర్ అను సాధనము ఆ పంక్తిని నమూనాతో పట్టి చదువునట్లు వ్రాయబడినది. క్రోమ్ అదే సంఖ్యను ఒక చిన్న ఫైలులో కూడ వ్రాసిపెట్టును; చిట్టాను నమ్మనివారు ఆ ఫైలును చదువవచ్చును. చిట్టా మనుష్యులు చదువుటకు వ్రాసినది, మాటలు మారుచుండును; సంఖ్యకొరకే ఏర్పరచిన ఫైలు యంత్రమునకు వ్రాసినది. వీలున్నచోట రెండవ మార్గమే నయము. సర్వరును మనము మార్చజాలనప్పుడు చిట్టాను చదువుట తప్పదు.

తరగతిలో చేయదగిన ప్రయోగము

పైథాన్ భాష గల కంప్యూటరు ఏదైనను దీనికి చాలును. ముందుగా ఒక ఖాళీ ఫోల్డరును తయారుచేసి అందులో టెర్మినలు తెరువుడు. సర్వరు తానున్న ఫోల్డరులోని ఫైళ్ళను అడిగినవారికెల్ల చూపును గనుక ఈ జాగ్రత్త అవసరము. పైథాన్, ఎడము, అడ్డుగీత ఎమ్, ఎడము, హెచ్‌టీటీపీ చుక్క సర్వర్, ఎడము, 0 అని ఇంగ్లీషు అక్షరములలో టైపు చేసి ఎంటర్ నొక్కుడు. "సర్వింగ్ హెచ్‌టీటీపీ ఆన్" అను మాటలతో ఒక పంక్తి వచ్చును. అందులో పోర్టు అను మాట తరువాత ఒక సంఖ్య ఉండును. కంట్రోల్, సి మీటలను కలిపి నొక్కి సర్వరును ఆపి, మరల నడుపుడు. సాధారణముగా వేరొక సంఖ్య వచ్చును. పదిసార్లు చేసి సంఖ్యలను పట్టికగా వ్రాసి, అవి పైన చెప్పిన హద్దులలో నున్నవా యని చూడవలెను.

లినక్సు యంత్రములో సర్వరును ఆపకుండ రెండవ టెర్మినలులో 0కు బదులు ఆ సంఖ్యనే ఇచ్చి మరొక సర్వరును లేపజూచినచో సంఖ్యను పంచుకొనుటలోని తగవు కంటికి కనిపించును. లినక్సు యంత్రమున్నచో ఆ ఆజ్ఞ చివర ఒక నిలువుగీత, క్యాట్ అను మాట చేర్చి నడుపుడు. ఇపుడు మాటలు గొట్టము ద్వారా పోవును గనుక ప్రకటన పంక్తి కనిపించదు. పైథాన్ అను మాట తరువాత అడ్డుగీత యు అను గుర్తును చేర్చినచో వెంటనే కనిపించును. బస్తా నిండకముందే పంపుమని చెప్పు గుర్తు అదియే.

పిమ్మట ఉపాధ్యాయులు పైన ఇచ్చిన మూడు పంక్తులను నల్లబల్లపై వ్రాసి, 43127ను మాత్రమే పట్టు నియమమును తెలుగు వాక్యములో వ్రాయుమని విద్యార్థులను అడుగవచ్చును. ఒకరు వ్రాసిన నియమమును మరొకరు పరీక్షింపవలెను: పంక్తి సగములో తెగినచో ఏమగును, కామా వచ్చినచో ఏమగును, చివర కనిపించని సున్న ఉన్నచో ఏమగును? ఈ ప్రశ్నలన్నింటికి నిలిచిన నియమమే ప్రోగ్రాములో వ్రాయదగినది.